పోస్ట్‌గ్రెస్ 16 నుంచి 18కి మారాక మానిటరింగ్ అంకెలు ఎందుకు తేడాగా వస్తున్నాయి, కొత్త వ్యూలను ఎలా చదవాలి

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వర్‌ని 16 నుంచి 18కి అప్‌గ్రేడ్ చేశాక మానిటరింగ్ అంకెలు తేడాగా వస్తున్నాయని అడిగారు. మీరు చెప్పిన లక్షణాలు మూడు. చెక్‌పాయింట్ల (మెమరీలో మారిన పేజీలను డిస్క్‌కి రాసేసే పని) గ్రాఫు అప్‌గ్రేడ్ రోజునే ఆగిపోయి, స్క్రిప్ట్ "కాలమ్ లేదు" అంటోంది. క్యాష్ హిట్ శాతం (చదవాల్సిన బ్లాకులు మెమరీలోనే దొరికిన శాతం) పెరిగినట్టు కనిపిస్తోంది, కానీ వాడేవాళ్లకు వేగంలో తేడా తెలియడం లేదు. క్లయింట్ బ్యాకెండ్లు (ఒక్కో కనెక్షన్ పని చూసే ప్రాసెస్‌లు) ఎఫ్‌సింక్ (రాసింది డిస్క్‌కి చేరేలా ఖాయం చేయడం) చేస్తున్నాయన్న అలర్టు రోజంతా మోగుతోంది. మూడూ సర్వర్‌కు వచ్చిన జబ్బులు కావు. 17లో కొన్ని కాలమ్‌లు వేరే వ్యూకి (టేబుల్‌లా చదవగలిగే లెక్కల పట్టిక) వెళ్లాయి, 18లో కొన్నిటి పేరు అలాగే ఉండి అర్థం మారింది. రెండో రకం ఎక్కువ ప్రమాదం. ఎర్రర్ రాదు, అంకె మాత్రం తప్పు వస్తుంది.

ముందు చెక్‌పాయింట్ల సంగతి. 16 వరకు చెక్‌పాయింట్ లెక్కలు పీజీ_స్టాట్_బీజీరైటర్‌లో ఉండేవి. బ్యాక్‌గ్రౌండ్ రైటర్ (మారిన పేజీలను కొద్దికొద్దిగా డిస్క్‌కి రాసేది), చెక్‌పాయింటర్ రెండూ 9.2 నుంచే వేర్వేరు ప్రాసెస్‌లు, అయినా లెక్కలు మాత్రం ఒకే చోట ఉండిపోయాయి. 17లో పీజీ_స్టాట్_చెక్‌పాయింటర్ అనే వ్యూ విడిగా వచ్చింది. పాత చెక్‌పాయింట్స్_టైమ్డ్ ఇప్పుడు నమ్_టైమ్డ్, చెక్‌పాయింట్స్_రిక్ ఇప్పుడు నమ్_రిక్వెస్టెడ్, బఫర్స్_చెక్‌పాయింట్ ఇప్పుడు బఫర్స్_రిటెన్. రైట్_టైమ్, సింక్_టైమ్ కూడా ఇక్కడే ఉన్నాయి. పాత వ్యూలో ఇక మిగిలినవి బఫర్స్_క్లీన్, మ్యాక్స్‌రిటెన్_క్లీన్, బఫర్స్_అలాక్, స్టాట్స్_రీసెట్ మాత్రమే.

ఒక మెలిక ఉంది. సర్వర్ ఖాళీగా ఉంటే చెక్‌పాయింట్ వేళకు చేయాల్సిన పనేమీ ఉండదు, దాన్ని వదిలేస్తుంది. నమ్_టైమ్డ్ మాత్రం అలా వదిలేసినవాటినీ కలిపే లెక్కిస్తుంది. నిజంగా పూర్తయినవి ఎన్నో చెప్పడానికి 18లో నమ్_డన్ అనే కాలమ్ చేర్చారు. డిఫాల్ట్ చెక్‌పాయింట్_టైమ్‌అవుట్ 5 నిమిషాలు కాబట్టి 24 గంటల్లో నమ్_టైమ్డ్ 288 దాకా వస్తుంది. రాత్రిపూట రాతలు లేని సర్వర్లో నమ్_డన్ అంతకంటే చాలా తక్కువ ఉండటం సహజం. ఆ తేడా చూసి కంగారు పడకండి.

పట్టించుకోవాల్సింది నమ్_రిక్వెస్టెడ్‌ని. అది నమ్_టైమ్డ్‌కి దగ్గరగా వచ్చినా, దాటినా, ఐదు నిమిషాలు నిండకముందే వాల్ (ప్రతి మార్పునూ ముందుగా రాసుకునే లాగ్) పరిమితి తగిలి చెక్‌పాయింట్లు వస్తున్నాయని అర్థం. మ్యాక్స్_వాల్_సైజ్ డిఫాల్ట్ 1 జీబీ. రాతలు బాగా ఉన్న సర్వర్‌కి అది చాలదు. చెక్‌పాయింట్ అయ్యాక ప్రతి పేజీ మొదటిసారి మారినప్పుడు ఆ పేజీ మొత్తం వాల్‌లోకి వెళ్తుంది. అందుకే చెక్‌పాయింట్లు తరచుగా వస్తే వాల్ పెరుగుతుంది, వాల్ పెరిగితే చెక్‌పాయింట్లు ఇంకా తొందరగా వస్తాయి. ఈ చక్రం నడుస్తోందో లేదో పీజీ_స్టాట్_వాల్‌లో వాల్_ఎఫ్‌పీఐ (ఇలా మొత్తంగా వాల్‌లోకి వెళ్లిన పేజీల లెక్క) చూస్తే తెలుస్తుంది: వాల్_రికార్డ్స్‌తో పోలిస్తే అది వేగంగా పెరుగుతుంటే మ్యాక్స్_వాల్_సైజ్ పెంచండి. దీనికి రీలోడ్ చాలు, రీస్టార్ట్ అక్కర్లేదు. మార్చే ముందు లాగ్ కూడా చూడండి. చెక్‌పాయింట్ల లాగ్ 15 నుంచి డిఫాల్ట్‌గానే ఆన్‌లో ఉంటుంది, మొదలైన ప్రతి చెక్‌పాయింట్ పక్కన టైమ్ అనో వాల్ అనో కారణం ఉంటుంది. చేత్తో కొట్టిన చెక్‌పాయింట్ కమాండ్లు, ఫాస్ట్ పద్ధతిలో తీసే బేస్ బ్యాకప్‌లు కూడా నమ్_రిక్వెస్టెడ్‌లోనే పడతాయి. రోజూ నాలుగు బ్యాకప్‌లు తీసేవాళ్లు ఆ నాలుగూ తీసేసి లెక్క చూడాలి.

పాత వ్యూలోంచి పోయిన బఫర్స్_బ్యాకెండ్‌కి నేరుగా సరిపోయే కాలమ్ మాత్రం ఎక్కడా లేదు. దాని బదులు పీజీ_స్టాట్_ఐఓ చూడాలి. ఇది 16లోనే వచ్చింది కానీ చాలామంది పాత వ్యూతోనే సరిపెట్టుకున్నారు. బఫర్స్_బ్యాకెండ్‌లో రెండు వేర్వేరు పనులు కలిసిపోయి ఉండేవి: బఫర్ ఖాళీ చేయడానికి బ్యాకెండే మురికి పేజీని (మెమరీలో మారి ఇంకా డిస్క్‌కి చేరనిది) రాయడం, టేబుల్ పెరిగినప్పుడు ఫైలు చివర కొత్త పేజీలు చేర్చడం. రెండోది తప్పనిసరి పని, తప్పు కాదు. పీజీ_స్టాట్_ఐఓలో ఇవి రైట్స్, ఎక్స్‌టెండ్స్ అని విడిపోయాయి. పాత గ్రాఫు ఎక్కువ చూపించి, కొత్తది తక్కువ చూపిస్తే అసలు కారణం ఇదే కావచ్చు.

పీజీ_స్టాట్_ఐఓ ప్రతి వరుసా మూడు ప్రశ్నలకు జవాబు: ఎవరు, దేని మీద, ఏ పద్ధతిలో. ఎవరు అంటే బ్యాకెండ్_టైప్: క్లయింట్ బ్యాకెండ్, చెక్‌పాయింటర్, బ్యాక్‌గ్రౌండ్ రైటర్, ఆటోవాక్యూమ్ వర్కర్ (టేబుళ్లలో పనికిరాని పాత వరుసలను శుభ్రం చేసేది) వగైరా. దేని మీద అంటే ఆబ్జెక్ట్: రిలేషన్, టెంప్ రిలేషన్, 18 నుంచి వాల్. ఏ పద్ధతిలో అంటే కాంటెక్స్ట్: నార్మల్, వాక్యూమ్, బల్క్‌రీడ్, బల్క్‌రైట్, 18లో కొత్తగా ఇనిట్. ఈ మూడింటినీ విడదీయకుండా మొత్తం కూడేసిన అంకె దేనికీ పనికిరాదు. మీ మూడు లక్షణాల్లో చివరి రెండూ అలా కూడటం వల్ల, పాత సూత్రాన్ని అలాగే వాడటం వల్ల వచ్చినవే.

హిట్ శాతం సంగతి చూద్దాం. 16, 17లో రీడ్స్ అంటే చదివిన బ్లాకుల సంఖ్య, ఒక్కోటి ఎంతో ఆప్_బైట్స్ చెప్పేది, మామూలుగా 8192. 18లో ఆప్_బైట్స్ తీసేశారు. పక్కపక్కన ఉన్న బ్లాకులను ఒకే ఆపరేషన్‌గా కలిపి చదువుతారు కాబట్టి రీడ్స్ అంటే ఇప్పుడు ఆపరేషన్ల సంఖ్య; ఎంత చదివిందీ రీడ్_బైట్స్‌లో ఉంటుంది. రాతకు రైట్_బైట్స్, పెంచడానికి ఎక్స్‌టెండ్_బైట్స్ అలాగే వచ్చాయి. హిట్స్ మాత్రం ఇప్పటికీ బ్లాకుల లెక్కే. అంటే మీ పాత సూత్రం బ్లాకులను, ఆపరేషన్లను కలిపి భాగిస్తోంది.

ఉదాహరణకు ఒక నిమిషం తేడాతో రెండు సార్లు చదివితే క్లయింట్ బ్యాకెండ్, రిలేషన్, నార్మల్ వరుసలో హిట్స్ 5,76,000, రీడ్స్ 12,000, రీడ్_బైట్స్ 19,66,08,000 పెరిగాయనుకోండి. పాత సూత్రం ప్రకారం 5,76,000ని 5,88,000తో భాగిస్తే దాదాపు 98 శాతం. సరైన లెక్కకు రీడ్_బైట్స్‌ని 8192తో భాగించాలి: 24,000 బ్లాకులు. అప్పుడు 5,76,000ని 6,00,000తో భాగిస్తే 96 శాతం. పెద్ద తేడాగా కనిపించదు కానీ దొరకని బ్లాకులు 2 శాతం కావు, 4 శాతం; అంటే రెండింతలు. 8192 అనే అంకెను స్క్రిప్ట్‌లో గట్టిగా రాసేయకుండా బ్లాక్_సైజ్ సెట్టింగ్ నుంచి తీసుకోండి.

అసలు హిట్ శాతం ఒక్కదాన్నే పట్టుకోవద్దని నా గట్టి అభిప్రాయం. బఫర్లో దొరకనిది డిస్క్ దాకా వెళ్లిందని ఏమీ లేదు, ఆపరేటింగ్ సిస్టమ్ పేజీ క్యాష్‌లోనే దొరికి ఉండొచ్చు. ఆ తేడా తెలియాలంటే ట్రాక్_ఐఓ_టైమింగ్ ఆన్ చేసి రీడ్_టైమ్ చూడాలి. డిఫాల్ట్‌గా అది ఆఫ్, అప్పుడు టైమ్ కాలమ్‌లన్నీ సున్నా. ఆన్ చేసే ముందు పీజీ_టెస్ట్_టైమింగ్ నడిపి ఆ మెషిన్‌లో గడియారం చదవడానికి ఎంత పడుతుందో చూడండి. పదుల నానోసెకన్లలో ఉంటే నిశ్చింతగా ఆన్ చేయొచ్చు. కొన్ని వర్చువల్ మెషిన్లలో అది చాలా ఎక్కువ ఉంటుంది, అక్కడ ఆలోచించాలి.

18లో రీడ్_టైమ్ చదివే తీరు కూడా కొంచెం మారింది. 18లో అసింక్రనస్ ఐఓ వచ్చింది, ఐఓ_మెథడ్ డిఫాల్ట్ వర్కర్, ఐఓ_వర్కర్స్ డిఫాల్ట్ 3. సీక్వెన్షియల్ స్కాన్, బిట్‌మ్యాప్ హీప్ స్కాన్, వాక్యూమ్ ముందుగానే చదవమని పంపేసి తమ పని చేసుకుంటాయి. కాబట్టి రీడ్_టైమ్‌లో పడేది బ్యాకెండ్ ఎదురుచూసిన సమయం, డిస్క్ తీసుకున్న సమయం కాదు. బైట్లు బాగా పెరిగి టైమ్ పెద్దగా పెరగకపోతే ముందస్తు చదువు పనిచేస్తోందని అర్థం. 16లో తీసిన రీడ్_టైమ్ సగటుతో 18 సగటును పక్కపక్కన పెట్టి డిస్క్ వేగం పెరిగిందని తేల్చకండి. ఇంకో చిక్కు: ఆపరేటింగ్ సిస్టమ్ టూల్స్‌లో ఇలా ముందుగా చదివే పని చాలావరకు ఐఓ వర్కర్ ప్రాసెస్‌ల పేరున కనిపిస్తుంది, పీజీ_స్టాట్_ఐఓలో మాత్రం చదవమని అడిగిన బ్యాకెండ్ పేరునే పడుతుంది. రెండూ సరైనవే. క్వెరీ ఎవరిదో కావాలంటే వ్యూని నమ్మండి.

ఇక ఎఫ్‌సింక్ అలర్టు. 16లో క్లయింట్ బ్యాకెండ్ వరుసల్లో ఎఫ్‌సింక్స్ పెరిగితే నిజంగా ఆందోళన పడాల్సిందే. టేబుల్ ఫైళ్లను ఎఫ్‌సింక్ చేయడం చెక్‌పాయింటర్ పని. దాని క్యూ నిండిపోతేనే బ్యాకెండ్ స్వయంగా చేస్తుంది. 18లో వాల్ వరుసలు కూడా ఇదే వ్యూలోకి వచ్చాయి. కమిట్ అయిన ప్రతి ట్రాన్సాక్షన్ వాల్‌ని డిస్క్‌కి చేర్చాలి, ఆ ఎఫ్‌సింక్‌ని చాలాసార్లు క్లయింట్ బ్యాకెండే చేస్తుంది. అది రోజువారీ పని. అలర్టులో ఆబ్జెక్ట్ రిలేషన్ అయిన వరుసలే తీసుకోండి, మోత ఆగిపోతుంది. ఆ తర్వాత కూడా మోగితే అప్పుడు నిజమైన సమస్య ఉన్నట్టు.

వాల్ వరుసలు ఇటు వచ్చినందుకు పీజీ_స్టాట్_వాల్ నుంచి వాల్_రైట్, వాల్_సింక్, వాటి రెండు టైమ్ కాలమ్‌లు తీసేశారు. అక్కడ వాల్_రికార్డ్స్, వాల్_ఎఫ్‌పీఐ, వాల్_బైట్స్, వాల్_బఫర్స్_ఫుల్ మిగిలాయి. కమిట్ ఆలస్యం చూడాలంటే ఇప్పుడు క్లయింట్ బ్యాకెండ్, వాల్, నార్మల్ వరుసలో ఎఫ్‌సింక్_టైమ్‌ని ఎఫ్‌సింక్స్‌తో భాగించండి. మర్చిపోకూడనిది: వాల్ వరుసల సమయానికి ట్రాక్_ఐఓ_టైమింగ్ చాలదు, ట్రాక్_వాల్_ఐఓ_టైమింగ్ విడిగా ఆన్ చేయాలి. ఇంకొకరు ఫ్లష్ చేస్తుంటే వాళ్ల కోసం ఆగిన సమయం ఇందులో పడదు. దానికి పీజీ_స్టాట్_యాక్టివిటీలో వాల్‌రైట్ అనే లాక్ మీద ఎంతమంది ఆగారో చూడాలి. ఇనిట్ కాంటెక్స్ట్‌లో వచ్చే రాతలు కొత్త వాల్ సెగ్మెంట్ ఫైళ్లు తయారుచేసినవి. వాటిని వాల్ రాత వేగంలో కలపొద్దు.

క్లయింట్ బ్యాకెండ్ రాతలకు ఏది మంచి, ఏది చెడు అన్నది కాంటెక్స్ట్‌ని బట్టే. కాపీ కమాండ్‌తో పెద్ద లోడ్, క్వెరీ ఫలితంతో టేబుల్ తయారుచేయడం బల్క్‌రైట్‌లో పడతాయి. ఇవి చిన్న రింగ్ బఫర్‌లోనే (మళ్లీ మళ్లీ వాడుకునే కొద్దిపాటి బఫర్లు) తిరుగుతూ తమ పేజీలను తామే రాసుకుంటాయి, అలాగే జరగాలి. షేర్డ్_బఫర్స్‌లో (పోస్ట్‌గ్రెస్ సొంత క్యాష్) నాలుగో వంతు కంటే పెద్ద టేబుల్‌ని మొత్తం స్కాన్ చేస్తే బల్క్‌రీడ్. అక్కడ రీయూజెస్ పెరగడం అంటే రింగ్ తన పని చేస్తోందని. మిగతా క్యాష్‌ని ఆ స్కాన్ చెరపట్లేదు. వాక్యూమ్ కాంటెక్స్ట్ కూడా అంతే, దాని రింగ్ పరిమాణం 17 నుంచి డిఫాల్ట్‌గా 2 ఎంబీ.

నార్మల్ కాంటెక్స్ట్‌లో క్లయింట్ బ్యాకెండ్ల రైట్స్ పెరుగుతుంటే మాత్రం తవ్వాలి. క్వెరీ తనకు ఒక బఫర్ కావాల్సి, ఖాళీది దొరక్క, ఎవరిదో మురికి పేజీని తానే రాసి చోటు చేసుకుంటోంది. ఆ సమయమంతా వాడేవాళ్లు ఎదురుచూస్తున్నారు. ముందు మ్యాక్స్‌రిటెన్_క్లీన్ చూడండి. బ్యాక్‌గ్రౌండ్ రైటర్ డిఫాల్ట్‌గా 200 మిల్లీసెకన్లకు ఒకసారి లేచి గరిష్ఠంగా 100 పేజీలు రాస్తుంది. సెకనుకు 500 పేజీలు, సుమారు 4 ఎంబీ. ఆ పరిమితి తగిలి ఆగిన ప్రతిసారీ మ్యాక్స్‌రిటెన్_క్లీన్ ఒకటి పెరుగుతుంది. అది చకచకా పెరుగుతుంటే బీజీరైటర్_ఎల్‌ఆర్‌యూ_మ్యాక్స్‌పేజెస్‌ని 400కో 500కో పెంచి, ఒక రోజు గమనించండి. అది పెరగకుండా ఎవిక్షన్స్ (చోటు కోసం బఫర్‌లోంచి పేజీలను తీసేసిన లెక్క) మాత్రమే ఎక్కువుంటే షేర్డ్_బఫర్స్ చాలట్లేదేమో చూడాలి. రెండూ ఒకేసారి మార్చొద్దు, ఏది పనిచేసిందో తెలియదు.

ఈ వ్యూలో కనిపించనివి కూడా తెలిసి ఉండాలి. టెంప్ రిలేషన్ అంటే టెంపరరీ టేబుళ్లు మాత్రమే. వర్క్_మెమ్ చాలక సార్టులు, హాష్‌లు డిస్క్‌కి వెళ్లిన ఫైళ్లు ఇక్కడ లెక్కలోకి రావు, వాటికి పీజీ_స్టాట్_డేటాబేస్‌లో టెంప్_ఫైల్స్, టెంప్_బైట్స్ ఉన్నాయి. షేర్డ్ బఫర్లు దాటి జరిగే పనులు, ఉదాహరణకు టేబుల్‌ని ఒక టేబుల్‌స్పేస్ నుంచి ఇంకోదానికి మార్చడం, ఇక్కడ కనిపించవు. డిస్క్ గ్రాఫులో భారీ రాతలు కనిపిస్తూ పీజీ_స్టాట్_ఐఓ ప్రశాంతంగా ఉంటే ముందు ఈ రెండే అనుమానించండి.

మొత్తం సర్వర్‌లో రాతలు పెరిగాయని తేలాక ఏ కనెక్షన్ అన్నది అంతకుముందు చెప్పడం కష్టంగా ఉండేది. 18లో పీజీ_స్టాట్_గెట్_బ్యాకెండ్_ఐఓ అనే ఫంక్షన్‌కి ప్రాసెస్ ఐడీ ఇస్తే ఆ ఒక్క బ్యాకెండ్ వరుసలు ఇస్తుంది, పీజీ_స్టాట్_గెట్_బ్యాకెండ్_వాల్ అదే విధంగా వాల్ లెక్క ఇస్తుంది. పీజీ_స్టాట్_యాక్టివిటీతో లాటరల్ జాయిన్ చేసి రైట్_బైట్స్ వరసలో పెడితే దోషి రెండు నిమిషాల్లో దొరుకుతుంది. కనెక్షన్ మూసుకుంటే దాని లెక్క పోతుంది కాబట్టి సమస్య జరుగుతున్నప్పుడే చూడాలి. చెక్‌పాయింటర్, బ్యాక్‌గ్రౌండ్ రైటర్, స్టార్టప్ ప్రాసెస్, ఆటోవాక్యూమ్ లాంచర్‌లకు ఇది ఏమీ ఇవ్వదు. అవి ఒక్కొక్కటే ఉంటాయి, వాటి లెక్క పెద్ద వ్యూలోనే ఉంది. కనెక్షన్ పూలర్ (కొన్ని కనెక్షన్లనే చాలామంది క్లయింట్లకు పంచే టూల్) వాడుతుంటే ఒక బ్యాకెండ్ మీద ఎందరో క్లయింట్ల పని కలిసి ఉంటుందని గుర్తుంచుకోండి.

పీజీ_ఏఐఓస్ అనే వ్యూ కూడా 18లో కొత్తది. అది ఆ క్షణంలో నడుస్తున్న అసింక్రనస్ ఐఓలను ఒక్కొక్కటిగా చూపిస్తుంది, పాత లెక్కలేవీ నిల్వ ఉంచదు. దాన్ని గ్రాఫు చేసి లాభం లేదు. ఎక్కువ సెషన్లు ఐఓ కోసం ఆగి ఉన్నప్పుడు నాలుగైదు సార్లు చూసి, సబ్మిటెడ్ స్థితిలో చాలా వరుసలు నిలబడి ఉంటే ఐఓ_వర్కర్స్ 3 చాలట్లేదేమో ఆలోచించండి. దాన్ని రీలోడ్‌తో పెంచొచ్చు. ఐఓ_మెథడ్ మార్చాలంటే మాత్రం రీస్టార్ట్ కావాలి. సూపర్‌యూజర్‌కి, పీజీ_రీడ్_ఆల్_స్టాట్స్ రోల్ ఉన్నవాళ్లకి తప్ప ఇది కనిపించదు. మానిటరింగ్ యూజర్‌కి పీజీ_మానిటర్ రోల్ ఇస్తే అందులో ఇదీ వస్తుంది.

వాక్యూమ్ వైపు మీ స్క్రిప్టులు ఇంకో రెండు చోట్ల విరుగుతాయి. పీజీ_స్టాట్_ప్రోగ్రెస్_వాక్యూమ్‌లో 17 నుంచి మ్యాక్స్_డెడ్_టపుల్స్ బదులు మ్యాక్స్_డెడ్_టపుల్_బైట్స్, నమ్_డెడ్_టపుల్స్ బదులు నమ్_డెడ్_ఐటెమ్_ఐడీస్. ఇండెక్సెస్_టోటల్, ఇండెక్సెస్_ప్రాసెస్డ్ వచ్చాయి కాబట్టి ఇన్నాళ్లూ ఇండెక్సుల దగ్గర ఆగినట్టు కనిపించే వాక్యూమ్ ఎంత దూరం వచ్చిందో ఇప్పుడు తెలుస్తుంది. 18లో పీజీ_స్టాట్_ఆల్_టేబుల్స్‌కి టోటల్_ఆటోవాక్యూమ్_టైమ్ వంటి నాలుగు కాలమ్‌లు చేర్చారు, మిల్లీసెకన్లలో. టోటల్_ఆటోవాక్యూమ్_టైమ్‌ని ఆటోవాక్యూమ్_కౌంట్‌తో భాగిస్తే టేబుల్‌కి సగటు సమయం వస్తుంది. అందులో కాస్ట్ డిలే (డిస్క్ మీద భారం పడకుండా వాక్యూమ్ మధ్యలో ఆగడం) వల్ల నిద్రపోయిన సమయం కూడా కలిసే ఉంటుంది. నిద్ర ఎంతో విడిగా కావాలంటే ట్రాక్_కాస్ట్_డిలే_టైమింగ్ ఆన్ చేసి, నడుస్తున్న వాక్యూమ్‌లో డిలే_టైమ్ చూడండి. మొత్తంలో ఎక్కువ భాగం నిద్రే అయితే డిస్క్ కొనాల్సిన పని లేదు, కాస్ట్ లిమిట్ పెంచితే చాలు.

క్వెరీల లెక్కలు ఇచ్చే పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్ ఎక్స్‌టెన్షన్‌లోనూ 17 నుంచి బ్లాక్ చదివే సమయం పేరు షేర్డ్_బీఎల్‌కే_రీడ్_టైమ్. కానీ పీజీ_అప్‌గ్రేడ్ ఎక్స్‌టెన్షన్‌ని పాత వెర్షన్‌లోనే ఉంచుతుంది, ఆల్టర్ ఎక్స్‌టెన్షన్ అప్‌డేట్ మీరే నడపాలి. అప్పటిదాకా పాత పేర్లే పనిచేస్తాయి, అప్‌డేట్ చేసిన నిమిషమే డాష్‌బోర్డ్ విరుగుతుంది. రెండూ ఒకే వేళలో మార్చేలా చూసుకోండి. వెయిట్ ఈవెంట్ల (సెషన్ దేనికోసం ఆగిందో చెప్పేవి) పేర్లలో కొన్నిటికి 17లో పెద్ద, చిన్న అక్షరాల తీరు మారింది కనుక పేరును అక్షరం పొల్లుపోకుండా వెతికే అలర్టులు మౌనంగా పనిచేయడం మానేస్తాయి. పూర్తి జాబితా, వివరణతో సహా, పీజీ_వెయిట్_ఈవెంట్స్ వ్యూలో ఉంది. పీజీ_స్టాట్_యాక్టివిటీతో టైపు, పేరు రెండింటి మీదా జాయిన్ చేస్తే అర్థం పక్కనే కనిపిస్తుంది.

స్క్రిప్ట్ తిరగరాసేటప్పుడు తేడా తీసే భాగం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. ఇవన్నీ పోగయ్యే లెక్కలు, రెండు సమయాల మధ్య తేడాయే అంకె. ప్రతి శాంపిల్‌తో స్టాట్స్_రీసెట్ కూడా దాచి, అది మారితే ఆ తేడాను పారేయండి. సర్వర్ క్రాష్ అయినా, ఇమ్మీడియట్ పద్ధతిలో ఆపినా లెక్కలన్నీ సున్నా నుంచి మొదలవుతాయి. జరగడానికి వీల్లేని పనుల గళ్లలో సున్నా కాదు, నల్ ఉంటుంది. నల్‌ని సున్నాగా మార్చే కోలెస్ పెట్టకుండా రెండు కాలమ్‌లను కూడితే ఫలితం నల్ అవుతుంది. రెండు శాంపిల్స్‌నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో తీయకండి: స్టాట్స్_ఫెచ్_కన్సిస్టెన్సీ డిఫాల్ట్ క్యాష్ కాబట్టి రెండోసారీ మొదటి అంకెలే వస్తాయి, తేడా ఎప్పుడూ సున్నా. పెద్ద క్వెరీ లెక్క అది ముగిశాకే వ్యూకి చేరుతుంది కాబట్టి గంటసేపు నడిచిన రిపోర్ట్ చివరి నిమిషంలో ఒక్కసారిగా నిట్టనిలువు గీతగా కనిపిస్తుంది. ఆ గీత సమయాన్ని రిపోర్ట్ మొదలైన సమయంతో కాక ముగిసిన సమయంతో పోల్చండి.

రీసెట్ చేయాల్సి వస్తే పీజీ_స్టాట్_రీసెట్_షేర్డ్‌కి ఐఓ, చెక్‌పాయింటర్, బీజీరైటర్ అని పేరు విడిగా ఇవ్వండి. 16లో బీజీరైటర్ అంటే చెక్‌పాయింట్ లెక్కలు కూడా పోయేవి, 17 నుంచి పోవు. పేరు ఇవ్వకుండా పిలిస్తే 17 నుంచి షేర్డ్ లెక్కలన్నీ చెరిగిపోతాయి.

ఒక పని ఇవాళే చేయండి. 18కి పీజీ_అప్‌గ్రేడ్‌తో వస్తే ప్లానర్ గణాంకాలు వెంట వస్తాయి కానీ ఈ పోగు లెక్కలు రావు. టేబుళ్లలో ఎన్ని డెడ్ టపుల్స్ (పనికిరాని పాత వరుసలు) ఉన్నాయో కొత్త సర్వర్‌కి తెలియదు, ఆటోవాక్యూమ్ సున్నా నుంచి లెక్కపెడుతూ కొన్నాళ్లు ఆలస్యంగా లేస్తుంది. ముందు వాక్యూమ్‌డీబీని అనలైజ్-ఇన్-స్టేజెస్, మిస్సింగ్-స్టాట్స్-ఓన్లీ ఆప్షన్లతో, తర్వాత అనలైజ్-ఓన్లీతో ఒకసారి నడపండి. అది పూర్తయ్యాక పీజీ_స్టాట్_యూజర్_టేబుల్స్‌లో లాస్ట్_అనలైజ్ నల్‌గా మిగిలిన టేబుల్ ఏదైనా ఉందేమో చూడండి.